దుర్భిణిలో నా వరండా

ఏప్రిల్ ఇరవై మూడు, మంగళవారం. ఆ మధ్యాహ్నం నేను రాగి సంకటి, వేరుశనగ ముద్దలో ఉడికించిన, పొగబెట్టి ఎండేసిన చేప తిన్నాను. చేపలో ముళ్ళు ముందే ఏరేసి ఉన్నాయి. భార్య పోయిన మగవాడికి ఇలాంటి చిన్న దయలు చటుక్కున కనిపిస్తాయి. ఆ ముళ్ళు ఏరింది మా లైను ఫోర్‌మన్ ఒకోత్ భార్య న్యాపెంది. మా ఆఫీసూ క్వార్టర్లూ ఒకే ఆవరణలో ఉన్నాయి. ఆమె వంటింటికీ నా వరండాకీ మధ్య ఒక మామిడిచెట్టు, ఒక బట్టల తీగ, అంతే దూరం. పోయిన ఏడాది నేను జ్వరంతో పడుకున్నప్పటినుంచీ రోజూ మధ్యాహ్నం గుడ్డ కప్పిన పళ్ళెం ఒకటి ఆ బట్టల తీగ కిందుగా వంగి నా దగ్గరికి వస్తోంది.

సంగతులు అప్పటికి ఎక్కడున్నాయో మీకు గుర్తుండే ఉంటుంది. శనివారం సాయంత్రం గాలివానలో తొంభై ఒకటో టవరు మీద పిడుగు పడింది. ఆ వానకాలంలో అదే టవరు మీద అది మూడోసారి. కరెంటు తీగ టవరుకి తగలకుండా వేలాడదీసే పింగాణీ గిన్నెల వరస పేలి, లైను ఆగిపోయి, పట్నం చీకటైంది. ఆస్పత్రిలో టార్చి వెలుగులో ఒక ఆడపిల్ల పుట్టి, బతికింది. ఆ వారం జరిగిన మంచి అదొక్కటే. పక్క లైనునుంచి కరెంటు తిప్పి ఇచ్చాంగాని, అది ఎంతో కాలం మోయదు. టవరెక్కడానికేమో మా కుర్రాళ్ళు ఒప్పుకోలేదు. పిడుగు తిన్నదాన్ని శుద్ధి చేయకుండా ముట్టుకుంటే అది ఇంటిదాకా వెంట వస్తుందని వాళ్ళ భయం. ఎవడో కుళ్ళుబోతు ఆ పిడుగుని పంపుతున్నాడని ఊరంతా అనుకుంటోంది. వాడెవడన్నది కూడా గుసగుసలాడుకుంటోంది.

ఇక ఒకోత్. పంతొమ్మిదేళ్ళుగా నన్ను ‘అన్నా’ అన్నవాడు ఆదివారం మొదటిసారి ‘ఇంజనీరు గారూ’ అన్నాడు. పోయినవారం మీరు పత్రిక మూసింది ఆ పిలుపు దగ్గరే.

మర్నాడు, బుధవారం, కంపాలా హెడ్డాఫీసునుంచి ఇద్దరు పెద్దలు వస్తున్నారు. ఒకే టవరు మూడుసార్లు ఎందుకు పోయిందని అడగడానికి.

*

భోజనం చేసి మేం టవరు దగ్గరికి వెళ్ళేసరికి ఒవోరి తాత మాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. వానల సంగతీ పిడుగుల సంగతీ చూసే వంశంలో మిగిలిన ఒకే ఒక్క మనిషి ఆయన. పక్కన సొరకాయ బుర్రలో ఏవో ఆకులు నానేసిన నీళ్ళు, కాళ్ళు కట్టిన తెల్లకోడి.

“ఇంత పెద్ద కంపెనీ, గొర్రెని ఇస్తుందనుకున్నాను,” అన్నాడు నన్ను చూసి. “కోడిని పంపారు. పిడుగుకి కోపం తగ్గుతుందిగాని, పూర్తిగా తగ్గుతుందని మాటివ్వను.”

“గొర్రెకి పైవాళ్ళ అనుమతి కావాలి తాతా,” అన్నాడు మాగోంబె. మ్బాలె కొండలనుంచి కొత్తగా వచ్చిన కుర్ర ఇంజనీరు. భూమి ఎంత కరెంటుని మింగగలదో కొలిచే పెట్టెని భుజాన వేసుకుని తిరుగుతుంటాడు.

“కోడిక్కూడా అనుమతి తీసుకున్నారా?”

“కోడిని మా సార్ సొంతంగా కొన్నారు.”

“అయితే మీ సార్‌కి పిడుగు తగలదు. మిగతావాళ్ళు జాగ్రత్త.”

కుర్రాళ్ళు నవ్వారు. ఒకోత్ నవ్వలేదు. టవరుకి దూరంగా, చేతులు కట్టుకుని, మెడలో దుర్భిణి వేలాడుతూ నిలబడి ఉన్నాడు. ‘ఒకోత్’ అంటే వానలో పుట్టినవాడు. ఎత్తైన మనిషి. ఎంత ఎత్తైన టవరైనా నిచ్చెన లేకుండా ఎక్కేవాడు. ఈ రెండు మూడేళ్ళలో కాస్త ఒళ్ళు చేశాడు.

తాత లేచి టవరు నాలుగు కాళ్ళ చుట్టూ నీళ్ళు చల్లాడు. గొణుగుతూ గొణుగుతూ మూడో కాలు దగ్గర ఆగి, అందరికీ వినపడేలా అన్నాడు: “కడుపులో కుళ్ళు పెట్టుకున్నవాడు ఎవడైనా ఉంటే ఇవాళ దీన్ని ముట్టుకోవద్దు. పిడుగు మనిషి వాసన పడుతుంది.”

ఎవరూ ఎవరివంకా చూడలేదు. అంటే అందరూ ఒకోత్‌నీ నన్నూ చూడకుండా ఉండటానికి అవస్థపడ్డారు.

కుర్రాళ్ళు పైకెక్కారు. మాగోంబె ఇనుప మేకులు భూమిలో దిగ్గొట్టి, తన పెట్టెకి తీగలు తగిలించి, పిడి తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. మేకులు పీకి మరోచోట కొట్టి ఇంకోసారి తిప్పాడు.

“సార్, ఇది టవరు కాదు. బండమీద నిలబెట్టిన ఇనుప మంచం. కాళ్ళకి భూమే అందట్లేదు.”

మా నాన్న తరం లైన్‌మన్‌లు కూడా ఎరిగిన సంగతే ఇది. టవర్ల తలమీద ఒక కాపలా తీగ ఉంటుంది. పిడుగు ఆ తీగమీద పడి, టవరు ఒంటిగుండా కిందికి దిగి, భూమిలోకి పోవాలి. రాతినేల అయితే భూమి దాన్ని తొందరగా మింగదు. అందుకని కాళ్ళకి రాగి తీగలు కట్టి, దూరం దాకా గాడి తవ్వి పాతిపెడతాం. ఆ దారి లేకపోతే దిగిన పిడుగు దిగినట్టే వెనక్కి లేస్తుంది. ఎటు పోవాలో తెలియక పింగాణీల మీదుగా కరెంటు తీగమీదకి దూకుతుంది. లైను పడిపోతుంది. పైనున్న పింగాణీ పగిలిందని అందరూ తలెత్తి చూస్తారు. తప్పు మాత్రం కాళ్ళ దగ్గర ఉంటుంది.

“తవ్వు,” అన్నాను.

తవ్వక్కర్లేకపోయింది. మూడో కాలు దగ్గర మొదలై వాలులోకి పోయే గాడి మట్టి మెత్తగా ఉంది. ఆ మెత్తదనం చూసి ఎవరో ఇల్లాలు గాడి పొడవునా చిలగడదుంప బోదెలు వేసింది. తీగలు మోకాలెత్తు అల్లుకున్నాయి. మాగోంబె చెయ్యిపెట్టి లాగితే దుంప వచ్చింది, పిడికిలంత. రాగి రాలేదు.

“తీగ ఎత్తుకుపోయి ఎన్నాళ్ళైంది?” అన్నాడు మాగోంబె.

పైనున్న కుర్రాడొకడు అరిచాడు: “దుంప ఇంత ఊరిందంటే, వంటింట్లో ఎవరినడిగినా చెబుతారు. క్రిస్మస్ ముందు మాట!”

క్రిస్మస్ ముందునుంచీ. నెలకోసారి ఈ టవరు దగ్గరికి రావలసింది ఒకోత్. వచ్చి, నాలుగు కాళ్ళూ చూసి, తీగ లాగి చూసి, అప్పుడు తలెత్తాలి. నెలనెలా వచ్చి నాతో అన్నమాట ఒక్కటే: “పింగాణీలు బాగున్నాయి అన్నా. ఒక్కటీ చెదరలేదు.”

అది అబద్ధం కూడా కాదు.

“ఎక్కడినుంచి చూశావు ఒకోత్?” అని అడిగాను.

అతని కళ్ళు ఒక్కసారి పక్కనున్న రాతిగుట్ట వైపు పోయి వచ్చాయి. ఆ చూపు నాకు చాలు.

*

గుట్ట ఎక్కడానికి నాకు ఊపిరి చాలలేదు. అతను ముందు నడిచి, మధ్యలో ఒకచోట ఆగి, నేను అందుకునేదాకా చూశాడు. కోపంలో కూడా ఆ మర్యాద తప్పలేదు. దాన్ని నేను మనసులో పెట్టుకున్నాను.

పైన ఒక చదునైన బండ. దాని మీద దుమ్ము లేదు. ఎవరో రోజుల తరబడి కూర్చుంటే అరిగిన నునుపు. పక్కన వేరుశనగ తొక్కల కుప్ప. నేను కూర్చున్నాను. ఎదురుగా తొంభై ఒకటో టవరు తల, పింగాణీ వరసలు, ఎండలో మెరుస్తూ చేతికందేంత దగ్గరగా. కాళ్ళు కనపడలేదు. మొక్కజొన్న చేను అడ్డం.

“ఇటు తిరగండి,” అన్నాడు ఒకోత్.

తిరిగాను. కింద మా ఆవరణ. రేకుల కప్పులు, మామిడిచెట్టు, బట్టల తీగ మీద ఆరేసిన పసుపు దుప్పటి. న్యాపెంది వంటింటి గడప. నా వరండా. నా కుర్చీ.

అతను మెడలోంచి దుర్భిణి తీసి నా చేతిలో పెట్టాడు. నేను కళ్ళకి పెట్టుకోలేదు.

“పెట్టుకోండి ఇంజనీరు గారూ. మీ కంపెనీ ఇచ్చిందే. అందులో మీ కంచం అంచు కూడా కనిపిస్తుంది. సంకటి ఏ చేత్తో తుంచుతారో కనిపిస్తుంది. నెలకోసారి కాదు, వారానికి నాలుగుసార్లు ఎక్కాను ఇక్కడికి.”

“ఒకోత్...”

“మీ పళ్ళెం మీద అంచు కుట్టిన గుడ్డ కప్పుతుంది. నా పళ్ళెం మీద ఈగలు కప్పుతాయి. మీకు ముళ్ళు ఏరుతుంది. నాకు గొంతులో ముల్లు దిగితే, ‘సంకటి ముద్ద మింగు, పోతుంది’ అంటుంది. తల కూడా ఎత్తదు.”

“ఆవిడ ఒక ఒంటరి మనిషికి అన్నం పెడుతోంది. అంతకుమించి అందులో ఏం లేదు.”

“ఉందని నేనన్నానా? ఉంటే బాగుండేది. ఒకరోజు కొట్టుకునేవాళ్ళం, అయిపోయేది.” అతని గొంతు కీచుగా మారింది. “నేను ఆవిణ్ణి చూడలేదు, మిమ్మల్ని చూశాను. పళ్ళెం వచ్చే వేళకి మీరు తొట్టి దగ్గరికి వెళ్తారు. మొహం కడుక్కుంటారు. లోపలికి పోయి చొక్కా మార్చుకొస్తారు. ఉతికిన చొక్కా! మధ్యాహ్నం పూట! ఆఫీసులో మిమ్మల్ని చూసేవాళ్ళం మేం ఎనిమిదిమంది ఉన్నాం. మాకోసం ఏనాడైనా మార్చారా?”

అది నిజం. నిజమని నాకు ఆ క్షణందాకా తెలియదు. అన్నం ముందు చేతులు కడుక్కున్నట్టే చొక్కా మార్చుకునేవాణ్ణి. ఎందుకని ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు.

అంతకన్నా వింతైన సంగతి ఇంకొకటుంది. ఆ బండమీద కూర్చుని, ఆ మనిషి మెడలో నరాలు ఉబ్బడం చూస్తూ, నేనే అతన్ని చూసి కుళ్ళుకున్నాను. ఎండలో ఈ గుట్టెక్కి, ఉద్యోగం సంగతి మరిచి, ఒక ఇల్లాలి చేతి కదలిక కోసం కళ్ళు పగిలేలా చూడటానికి అతనికి ఒక మనిషి ఉంది. ఉరిమినప్పుడల్లా, పోయిన నా భార్య అథియెనో, “నీ రెండో పెళ్ళాం పిలుస్తోంది, పో,” అనేది. ఈ లైనుని సవతి అనే పిలిచేది, చివరిదాకా. ఇప్పుడు ఎన్ని ఉరుములు ఉరిమినా నన్ను దెప్పేవాళ్ళు లేరు. వానలో తడిసి వచ్చినా సరే, పొడిగా వచ్చినా సరే.

“రేపు వాళ్ళు అడుగుతారు,” అన్నాను చివరికి. “ఈ టవరు ఎవరు చూశారని.”

“చెప్పండి. ఒకోత్ గుట్టమీద కూర్చుని పెళ్ళాన్ని కాపలా కాశాడని చెప్పండి. ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో ఇల్లు పోతుంది. నేను పోతాను. నా పెళ్ళాం రాదు, దాని పుట్టిల్లు ఈ పట్నమే. ఇక మీ పళ్ళేనికి గుడ్డ కప్పే అవసరం కూడా ఉండదు, వేడివేడిగా తినొచ్చు.”

“నోరు మూసుకో.”

“హమ్మయ్య,” అన్నాడు. “ఇన్నాళ్ళకి కోప్పడ్డారు.”

దిగుతున్నంతసేపూ నేను ఒక్కటే ఆలోచించాను. వానల్లో వాగు దాటడం కష్టమని, గుట్టమీదినుంచి చూస్తే చాలని నేనే చెప్పానంటే అతను బతికిపోతాడు. ఏడాదిలో చేతికొచ్చే నా పింఛను పోతుంది, పోనీ. కానీ కాళ్ళు చూడకుండా టవరు చూడొచ్చని ఒక పెద్ద ఇంజనీరు అన్నాడంటే, రేపు పదిమంది అదే చేస్తారు. మరో వానలో మరో టవరు. మరో ఆస్పత్రిలో పుట్టబోయే పిల్లకి టార్చి దొరక్కపోవచ్చు. నిజం చెబుదామా? ఆ నిజం నా నోటినుంచి వస్తే అందులో ఉతికిన చొక్కా వాసన వస్తుంది. ఎవరి కుళ్ళు పిడుగుని తెచ్చిందో ఊరు మళ్ళీ లెక్కలు వేసుకుంటుంది.

కింద ఒవోరి తాత కోడిని చంకన పెట్టుకుని వెళ్ళిపోతున్నాడు. చంపకుండా.

“ఏం తాతా?”

“దొంగ పనికి కోడి ప్రాణం ఎందుకు? రాగి ఎత్తుకెళ్ళినవాణ్ణి పట్టుకోండి, అప్పుడు చూద్దాం. అప్పటిదాకా ఇది మా ఇంట్లో గుడ్లు పెడుతుంది.”

*

సాయంత్రం మబ్బు పట్టిందిగాని వాన రాలేదు. కొత్త పింగాణీలు బిగించి కుర్రాళ్ళు వచ్చేశారు. రాగి తీగ ఒక చుట్ట సామాన్ల కొట్టులో ఉంది. తెల్లారాక పాతుతామన్నాడు మాగోంబె. నేను వరండాలో కూర్చున్నాను, గుట్టెక్కిన చొక్కాతోనే.

న్యాపెంది వచ్చింది. చేతుల్లో ఏమీ లేదు. మెట్టు దగ్గర మా ఆడవాళ్ళ పద్ధతి ప్రకారం మోకాళ్ళు వంచి దణ్ణం పెట్టి, లేచి నిలబడింది. ముప్పై ఐదేళ్ళుంటాయి. సన్నగా, నల్లగా, కళ్ళు నిద్రలేనట్టు.

“రేపటినుంచి పళ్ళెం రాదు బావగారూ. మాగోంబె బాబుకి వండే పిల్లకి చెప్పాను, మీకూ కలిపి వండుతుంది. దాని చేతికి ఉప్పు ఎక్కువ. మొదటిరోజే చెప్పేయండి, మొహమాటపడితే ఏడాదంతా ఉప్పే.”

“అలాగే. ఇన్నాళ్ళు పెట్టావు, చాలు.” కుర్చీ కాస్త ముందుకి జరుపుకుని అడిగాను, “ఒకోత్ నీకు ఏమైనా చెప్పాడా? గుట్ట సంగతి?”

ఆమె చిన్నగా నవ్వింది. నాకు ఆ నవ్వు నచ్చలేదు.

“ఆయన చెప్పాలా? ఆ దుర్భిణి అద్దాలు ఎండకి తళుక్కుమంటాయి. మా వంటింటి గడపలోంచి చూస్తే గుట్టమీద చుక్క మెరిసినట్టుంటుంది. ఆయన గుట్టెక్కే రోజుల్లో అది మెరిసేదాకా మీ పళ్ళెం పొయ్యి పక్కనే ఉండేది బావగారూ. మెరిశాకే బయల్దేరేదాన్ని.”

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి.

“ఫోర్‌మన్ అయ్యాక ఆయన నావైపు తలెత్తి చూడ్డం మానేశాడు,” అంది. “వస్తాడు, తింటాడు, నిద్రపోతాడు. పోయిన ఏడాది మీకు జ్వరం వచ్చి గంజి పంపానా, ఆ సాయంత్రం మూడు ప్రశ్నలు అడిగాడు. ఎవరికి, ఎందుకు, ఎంత. నా పెళ్ళైన పద్నాలుగేళ్ళలో ఒకే పూట మూడు ప్రశ్నలు! అందుకని మర్నాడు చేప పంపాను.”

“అంటే నా పళ్ళెం...”

“మిమ్మల్ని అడ్డం పెట్టుకున్నాను. తప్పే. ఆ గుడ్డ కూడా ఆయనకి కనపడాలనే కప్పాను.” ఒక్క అడుగు దగ్గరికి వచ్చింది. “కానీ ముళ్ళు మాత్రం ఎంత పెద్ద దుర్భిణిలోనూ కనపడవు కదా బావగారూ. ముళ్ళు ఏరింది మీకోసమే. ఆ ఒక్కటి నమ్మండి.”

నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. అయినా, ఆ గుట్టమీద కూర్చున్నవాడికోసం ఒకరు ఏడాదిపాటు వంట చేశారు. నేను తిన్నాను, అంతే.

“రేపు ఆయన్ని తీసేస్తారా?” అని అడిగింది.

“టవరు కాళ్ళు చూడలేదు న్యాపెందీ. నేను ఎలా చెప్పినా అది మారదు.”

“ఆయన చూడలేదు. నేను చూశాను.”

“ఏంటి?”

“గుట్టమీదినుంచి చూస్తే టవరు తల కనిపిస్తుంది, కాళ్ళు కనపడవు. మా గడపలోంచి చూస్తే కాళ్ళే కనిపిస్తాయి, తల మామిడికొమ్మల్లో పోతుంది. చుక్క మెరిసిందా లేదా అని అటే చూస్తూ ఉంటాను కదా. వానలు ఆగి ఎండలు పట్టాక, క్రిస్మస్‌కి ముందు, రెండురోజులు ఒకడు ఆ కాళ్ళ దగ్గర తవ్వాడు. పగటిపూటే, దర్జాగా, మన కంపెనీ పసుపు కోటు వేసుకుని. తీగ చుట్టచుట్టి సైకిలుకి కట్టి, మన ఆవరణ ముందునుంచే పోయాడు. మీరే పంపారనుకున్నాను. మొహం నాకు తెలిసిన మొహమే.”

నేను కుర్చీలోంచి లేచాను. “ఎవరు?”

ఆమె తల అడ్డంగా ఊపింది.

“ఆ పేరు ముందు ఆయన వినాలి. దొంగని పట్టిచ్చినవాడుగా రేపు వాళ్ళముందు నిలబడితే, చేసిన తప్పుకి కాస్తైనా తూకం వస్తుంది. మీకు ఇప్పుడు చెప్పాననుకోండి, తెల్లారేదాకా మీరు దయ గురించి ఆలోచిస్తారు. మీ దయ మాకు చాలా ఖరీదైపోయింది బావగారూ.”

“నాకు తెలిసినవాడా?”

“మీకు నచ్చని పేరు,” అంది. మెల్లగా, “మా అథియెనో అక్క బతికి ఉంటే అక్కకి అస్సలు నచ్చేది కాదు,” అని, బట్టల తీగ కిందుగా వంగి వెళ్ళిపోయింది.

నేను అలాగే నిలబడ్డాను. అథియెనోకి నచ్చని పేరు. ఆమెవైపు మనుషులు ఈ జిల్లాలో ఎంతమంది ఉన్నారు? మన పసుపు కోటు తొడుక్కునే హక్కు వాళ్ళలో ఎవరికుంది? ఒక మొహం నా తలలోకి రాబోయింది. నేను దాన్ని రానివ్వలేదు.

సామాన్ల కొట్టులోంచి ఒకోత్ బయటికి వచ్చాడు. ఆదివారంనుంచీ అక్కడే పడుకుంటున్నాడు. చేతిలో చుట్టిన చాప. ఆవరణ మధ్యలో ఆగి, ముందు నా వరండా వైపు చూశాడు, తర్వాత తన గడప వైపు. న్యాపెంది గడపలో నిలబడి ఉంది. రమ్మనలేదు. పక్కకి జరిగి తోవ ఇచ్చింది, అంతే. అతను కాళ్ళు దులుపుకుని లోపలికి వెళ్ళాడు. లోపలినుంచి ఒక ప్రశ్న వినపడింది, మగగొంతు. మాటలు తెలియలేదు.

ఆమె ఒకసారి ఆకాశం వైపు చూసి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.